ఆడి గాలికి ఏ ఐసు? వెనిల్లా సీసా ఈసారి పక్కన పెడదాం

ఆడి నెలలో కులదేవత గుడికని మనవాళ్లు బెంగుళూరు నుంచీ చెన్నై నుంచీ కోవిల్‌పట్టికి దిగుతారు. రెండు పూటలా ఆకు భోజనాలు. వంటమేస్త్రీకి చెప్పాల్సినవన్నీ నెల ముందే చెప్పేస్తాం. సాంబారులో మునక్కాయలు ఎన్ని, వడలో మిరియం వెయ్యాలా వద్దా, పాయసం పెసరపప్పుదా సేమ్యాదా, అన్నీ. చివర్లో ఇచ్చే ఐస్‌క్రీమ్ గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. "ఏదో ఒకటి తెప్పించండి" అంటారు. ఆ ఏదో ఒకటి ఎప్పుడూ వెనిల్లానే. ఈసారి అది వద్దు, ఇంట్లోనే చేసుకుందాం, దానికి వెయ్యాల్సిన వాసన కూడా మన చుట్టుపక్కల నుంచే తెచ్చుకుందాం అన్నది మా మాట. గ్రూపులో రెండు ముక్కల్లో చెబితే తగవైంది. అందుకని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు కాలం సంగతి. ఆంధ్రలో ఉన్న బంధువులు మృగశిర కార్తె రాగానే చల్లబడిందని ఫోన్ చేస్తారు. మనకా సుఖం లేదు. పడమటి కనుమలు నైరుతి వానను చాలావరకు కేరళ వైపే దించేసి, మనకు గాలిని మాత్రం పంపిస్తాయి. కయత్తారు దాటేటప్పుడు చూడండి, గాలిమరలు విడవకుండా తిరుగుతుంటాయి, కింద నేల పగుళ్లిచ్చే ఉంటుంది. మన నల్లరేగడికి అసలు వాన అక్టోబరు తర్వాతే. అగ్ని నక్షత్రం మే చివర్లో పోయిందని పేరేగానీ, విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా సెప్టెంబరు వరకు ఎండాకాలమే. అయితే ఈ చివరి ఎండ ఏప్రిల్ ఎండలాంటిది కాదు. పొడి గాలికి నోరు ఎండిపోతుంది. తీపి ఎక్కువైతే ఇంకా దప్పిక. కాబట్టి ఈ కాలానికి చేసే ఐసు జిగటగా, రంగురంగులుగా ఉంటే పనికిరాదు. తిన్నాక నోరు తేటగా ఉండాలి, వాసన కాసేపు నిలవాలి.

ఇక మనం తెప్పించే పెట్టె. మన దేశపు ఆహార నియమాల ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే అందులో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. పాల కొవ్వుకు బదులు నూనె కొవ్వు వేస్తే దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అనాలి. పెట్టె మీద ఆ మాట ఉంటుంది, మనమే చూడం. అది విషమేమీ కాదు. ఈ తేడా గురించి వేసిన ప్రకటనల మీదే 2017లో అమూల్‌కూ హిందుస్థాన్ యూనిలీవర్‌కూ బొంబాయి హైకోర్టులో వ్యాజ్యం నడిచింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తగాదా మనకు అక్కర్లేదు. మా అభ్యంతరం చిన్నది. చుట్టూ తాటిచెట్లున్న ఊళ్లో కూర్చుని, పాలు పిండే ఇళ్లు ఇంకా ఉన్న ఊళ్లో కూర్చుని, పామాయిల్ గడ్డకట్టించింది తినడం ఎందుకు? పేరులో పామ్ ఉందని మన తాటిచెట్టు అనుకునేరు. అది వేరే చెట్టు, పుట్టిల్లు ఆఫ్రికా.

వెనిల్లా దగ్గరికి వద్దాం, అసలు తగవు దాని మీదే కదా. అది మెక్సికో వైపు పుట్టిన ఒక ఆర్కిడ్ తీగ కాయ. వేరే దేశాల్లో నాటితే పూసేదిగానీ కాయ పట్టేది కాదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస కుర్రవాడు చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వుకు పరాగం అంటించే ఉపాయం కనిపెట్టాడు. ఈనాటికీ తోటల్లో అదే పద్ధతి, పువ్వు పువ్వుకూ చేత్తోనే. అందుకే అసలు కాయ అంత ఖరీదు. మనం అంగట్లో కొనే చిన్న సీసాలో సాధారణంగా ఉండేది ఆ కాయ సారం కాదు, కార్ఖానాలో చేసిన వెనిలిన్ అనే ఒక్క పదార్థం.

ఇప్పుడు నన్నారి చూడండి. ఆంధ్రలో సుగంధిపాల అంటారు, కన్నడంలో సొగదె బేరు. సన్నటి తీగ, మెట్ట నేలల్లో కంచెల పక్కన పాకుతుంది. దాని వేరుకు ఆ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం వెనిలిన్‌కు ఐసోమర్, అంటే అవే పరమాణువులు, అదే లెక్క, అమరిక ఒక్కటే వేరు. వెనిల్లాకు దాయాది అన్నమాట! సముద్రాల అవతలి నుంచి తెచ్చుకున్న వాసనకు అన్నదమ్ముల వరసైనది మన కాళ్లకింద నేలలోనే ఉంటే, మనం దాన్ని సర్బత్తు సీసాకే వదిలేశాం. మధురై వాళ్లు తెలివైనవాళ్లు, జిగర్‌తండాలో పాలకూ నన్నారికీ ఎప్పుడో పెళ్లి చేసేశారు.

మాటలతో ఒప్పుకోరని తెలిసి పరీక్ష పెట్టాం. ఆఫీసులో మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని, ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం అలవాటైపోయింది. ఒకే పాలు, ఒకే చక్కెర, ఒకే కోవా, నాలుగు గిన్నెలు. ఒకదానికి వెనిల్లా ఎసెన్సు, ఒకదానికి నన్నారి వేరు, ఒకదానికి యాలకులు, ఇంకోదానికి చక్కెర కొంత తగ్గించి కరుపట్టి. కళ్లు మూసుకుని తిన్న పిల్లలు ముగ్గురిలో ఇద్దరు నన్నారి గిన్నెను చూపించి ఇదే వెనిల్లా అన్నారు. పెద్దమ్మ కరుపట్టిది నోట్లో వేసుకుని, "ఏమప్పా ఇది, కరుపట్టి కాపీని గడ్డ కట్టించినారే!" అంది. మెచ్చుకోలో తిట్టో ఇంకా తేలలేదు, గిన్నె మాత్రం ఖాళీ.

వేసవిలో ఇంటికొచ్చినవాళ్లకు వాసన కట్టిన చల్లనిది ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు, మన జిల్లాకు అది తెలుగులోనే రాసి ఉంది. విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరే శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ జరిగే ఊరు. గోదాదేవి తండ్రి విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏమేమి వడ్డించేవాడో రాయలు కాలం కాలానికీ ఒక్కో పద్యంలో చెప్పాడు. వేసవి పద్యంలో ముందు ఒంటికి చందనం పూయడం, తర్వాత నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పల్చని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, పళ్లు, వాసన కట్టిన చల్లని నీళ్లు, నీళ్లమజ్జిగ ఉంటాయి. 16వ శతాబ్దపు మాట ఇది. అప్పుడు ఫ్రీజర్లు లేవు సరే, కానీ ఆ వరస చూడండి, ఎక్కువభాగం పల్చనివి, తేటవి. ఆ నీళ్లకు ఏ సుగంధం వేశారో పద్యం చెప్పదు. నన్నారే అని మేము దబాయించం. కానీ అదే శ్రీవిల్లిపుత్తూరు ఎండకు మనం ఏం వడ్డిస్తున్నామో ఒకసారి పక్కన పెట్టి చూసుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

శ్రీవిల్లిపుత్తూరు అంటే ఇప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది పాల్కోవా. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో ఉండేవి పాలు, చక్కెర, సెగ, ఓపిక. ఇంటి ఐసుకు దీనికంటే మంచి పునాది దొరకదు. లీటరు చిక్కటి పాలు 600 మిల్లీలీటర్ల దాకా మరగనిచ్చి, దించాక 200 గ్రాముల పాల్కోవా చిదిపి కలపండి. డబ్బా పాలూ వద్దు, మొక్కజొన్న పిండీ వద్దు. కోవాలోని పాల గట్టిదనమే నీళ్లను పట్టుకుని, పలుకులు పెద్దవి కాకుండా చూస్తుంది. చల్లారాక ఒక కప్పు మీగడ గిలక్కొట్టి కలపాలి. కన్నడ మీడియంలో చదువుకున్న మాకు బడిలో ఇది కెనె, వీధిలో ఆడై, ఇంట్లో మీగడ. మూడు మాటలూ మంచివే. మన పిల్లలకు మాత్రం మూడూ పోయి క్రీమ్ ఒక్కటే మిగిలింది. పాల గిన్నె మీద కట్టేదీ, డబ్బాలో వచ్చేదీ ఒకటేనని చెబితే నమ్మరు.

వాసన వేసేటప్పుడు చాలామంది చివర్లో గిన్నె దించి నాలుగు చుక్కలు వేస్తారు. సీసాకైతే అది సరే. ఆకు, వేరు, గింజలాంటివాటికి అలా కుదరదు. వాటి వాసన పాల కొవ్వులోకి దిగాలి, దానికి వేడీ సమయమూ రెండూ కావాలి. యాలకులు పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచి, దించిన వేడి పాలలో వేసి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలేసి వడకట్టండి. పొడి చల్లితే పంటికింద పడుతుంది, వాసన తేలదు. నన్నారికీ ఇదే పద్ధతి. వేరు బాగా కడిగి చితక్కొట్టి, నడిమి పుల్ల తీసేయండి, వాసనంతా పైతోలులోనే. లీటరు పాలకు ఒక గుప్పెడు తోలు, అరగంట. పాలతో పాటు మరిగిస్తే మాత్రం ఆ వాసన ఆవిరైపోయి కషాయపు రుచి మిగులుతుంది. అంగడి నన్నారి సిరప్పు వాడేవాళ్లు పాలు పూర్తిగా చల్లారాకే కలపండి. అందులో పులుపు ఉంటుంది, వేడి పాలు విరుగుతాయి.

ఇంకొకటి. చలికి నాలుక మొద్దుబారుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించిన తీపి గడ్డకట్టాక చప్పగా ఉంటుంది. అందుకని గిన్నెలో ఉన్నప్పుడు "కొంచెం ఎక్కువైందే" అనిపించాలి. అలాగని ఆరోగ్యమని చక్కెర మరీ తగ్గిస్తే ఐసు రాయి అవుతుంది, మెత్తగా ఉంచేది కూడా ఆ చక్కెరే.

కరుపట్టి, అంటే తాటిబెల్లం, మాకు అన్నిటికంటే ఇష్టం. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాం, ఓర్చుకోండి. మన తూత్తుకుడి జిల్లాలోనే ఉన్న ఉడన్‌గుడి కరుపట్టికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాటినీరు పులవకుండా కుండకు లోపల సున్నం పూస్తారు, ఆ నీటినే కాచి చిరట్లలో పోసి బెల్లం కడతారు. పొగ వాసన, చిన్న ఉప్పదనం, కాలిన చక్కెర చేదు, మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఐసులో ఇంత లోతైన రుచి ఇచ్చే ఎసెన్సు మేమైతే ఎక్కడా చూడలేదు. వాడే పద్ధతి ఇది. 200 గ్రాములు కొట్టి, మునిగేటన్ని నీళ్లలో కరిగించి, గుడ్డలో వడకట్టండి. ఇసుక, నార, సున్నం అడుగున ఉంటాయి. ఆ పాకం పూర్తిగా చల్లారాలి, పాలు కూడా చల్లగా ఉండాలి, అప్పుడే కలపాలి. వేడి మీద కలిపితే విరిగే ప్రమాదం ఉంది. కరుపట్టి వేసేటప్పుడు పాల్కోవా సగం చాలు, లేకపోతే తీపి మీద తీపి. యాలకులు కూడా వద్దు. చిటికెడు శొంఠి చాలు. చక్కెర కలిపిన కరుపట్టి కూడా సంతలో తిరుగుతోంది, అందుకని తెలిసినవాళ్ల దగ్గరే కొనాలి. చెట్టెక్కేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. అసలుదానికి అసలు ధర ఇవ్వకపోతే ఆ పని ఎవరు చేస్తారు? తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టరు అనుమతి కావాలని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. చెట్టు నిలిచినా, ఎక్కేవాడికి కూలి గిట్టకపోతే కరుపట్టి మాత్రం రాదు.

దీనితో పాటే ఒక మాట గట్టిగా చెప్పాలి. "కరుపట్టి కదా, షుగరు ఉన్నవాళ్లు కూడా తినొచ్చు" అని వడ్డించేవాళ్లు ప్రతి పంక్తిలోనూ ఒకరుంటారు. అది నిజం కాదు. కరుపట్టిలో కూడా చాలాభాగం చక్కెరే, రక్తంలోకి అది కూడా చక్కెరగానే పోతుంది. మన పెద్దవాళ్లలో మాత్రలు వేసుకునేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. చిన్నాయనకు రెండో కప్పు ఇచ్చేటప్పుడు నాటు సరుకు అని ధైర్యం చెప్పకండి. చిన్న కప్పులు తెప్పిద్దాం, అంతే. రుచి కోసం కరుపట్టి తిందాం, మందని చెప్పి కాదు.

ముంజల ఐసు చెయ్యమని చెన్నై పిల్లలు అడుగుతున్నారు. ఆడికి లేత ముంజలు దొరకడం కష్టం, దొరికినా గడ్డకట్టించకూడదు. ముంజలో ఉండేది దాదాపు నీళ్లే, ఫ్రీజరులో పెడితే పంటికి గాజుముక్కలా తగులుతుంది. మేలో వచ్చినప్పుడు తరిగి, ఐసు మీద వేసుకు తినండి. ఆడి, ఆవణి నెలలకు చెట్టు ఇచ్చేది తాటిపండు. దాని పసుపుపచ్చ గుజ్జు వాసన కొందరికి ప్రాణం, కొందరు గదిలోంచి లేచి వెళ్లిపోతారు. నిప్పుల మీద కాల్చి, గుజ్జు పిండి, కరుపట్టితో దగ్గరపడేదాకా ఉడికించి, ఒక గరిటె కలిపితే చాలు. అందరికీ పెట్టొద్దు. అడిగినవాళ్లకే.

పాలు పడనివాళ్లకు పానకం ఉంది కదా. బెల్లం, నిమ్మరసం, శొంఠి, యాలకులు, రెండు మిరియాలు. కుల్ఫీ అచ్చుల్లో పోసి గడ్డకట్టించడమే. బెల్లం నీళ్లకు ఎంత తగిలిస్తే అంత మెత్తగా వస్తుంది. ఆ పొడి గాలిలో, మధ్యాహ్నం 3 గంటలకు, ఇంతకంటే హాయైనది మాకు తెలియదు. విష్ణుచిత్తుడి పంక్తిలో కూడా చెల్లుతుంది.

పైన చల్లుకోవడానికి కోవిల్‌పట్టి కడలైమిఠాయి ఉండనే ఉంది, 2020లో గుర్తింపు పొందింది. దంచి, వడ్డించేటప్పుడే చల్లండి. ముందే కలిపి ఫ్రీజరులో పెడితే బెల్లం తేమ పీల్చుకుని సాగుతుంది, కరకర పోతుంది.

గ్రూపులో వచ్చిన ఎదురుమాటల్లో రెండు న్యాయమైనవి. ఒకటి, పిల్లలు రంగు లేకపోతే ముట్టరు అని. నిజమే, వాళ్లకు పిస్తా అంటే పచ్చరంగు. ఆ సీసాలో పిస్తా ఉండాల్సిన పని లేదని వాళ్లకెవరు చెప్పారు? కానీ పిల్లలు ముట్టకపోవడానికి కారణం రంగు ఒక్కటే కాదు, ఎవరూ వాళ్ల చేత దంచించలేదు, వడకట్టించలేదు. వేరు వాసన చూసిన పిల్ల గిన్నె దగ్గర్నుంచి కదలదు, మేము చూశాం. రెండోది అత్త అడిగింది, "సీసా వాసన అంటే మీకెందుకంత కోపం, బొవొంటో తాగి పెరిగినవాళ్లమే కదా మనం?" అని. ఇది గట్టి ప్రశ్న. కాళీ మార్క్ 1916లో పుట్టింది మన విరుదునగర్‌లోనే, బొవొంటో లేని పెళ్లి మా చిన్నప్పుడు లేదు. సీసా అంటే కోపం లేదు. బొవొంటో ఇంట్లో చెయ్యలేం, అది బొవొంటోగానే ఉండనీ. ఇంట్లో చెయ్యగలిగినదానికి కూడా సీసా రుచే కావాలనుకోవడమే మాకు మింగుడుపడటం లేదు. అలా చేస్తే ఇంట్లో చేసిందీ కొన్నదీ ఒకే రుచి. అప్పుడు ఇంత శ్రమ ఎందుకు, కొనేస్తేనే మేలు.

మాకు అసలు భయం ఇంకోటుంది. ఈ పద్ధతులన్నీ ఎక్కడా రాసిలేవు, పెద్దమ్మ చేతుల్లోనూ ఇంకో ఇద్దరు ముగ్గురి చేతుల్లోనూ ఉన్నాయి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ ఈ కరిసల్ నేల మాటలన్నీ ఏరి తమిళంలో నిఘంటువే చేశారు. 2021లో పోయారు. ఆయన ఏరింది తమిళ మాటలు. అదే నేల మీద మన ఇళ్లల్లో తెలుగులో అనుకునే మాటల్ని ఎవరు ఏరారు? కరుపట్టి పాకం ఏ పదునులో దించాలో పెద్దమ్మ ఒక మాట అంటుంది, అది ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు. ఆ మాట ఇక్కడ రాయం, వచ్చి ఆమె నోటే వినండి.

ఇక పని. 60 మందికి చిన్న కప్పుల్లో 5 లీటర్లు చాలు. రెండున్నర లీటర్లు నన్నారి, లీటరున్నర కరుపట్టి, మిగతాది పానకం. ఇంటి ఫ్రిజ్ ఇంతకు సరిపోదు, పైగా కరెంటు పోతే కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించి పెట్టడం కడుపుకు మంచిది కాదు. విరుదునగర్ ఇంట్లో అటక మీద చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్టు ఉందట. దాన్ని దించి తోమించి తేవాలి. మూడుపాళ్లు ఐసుకు ఒకపాలు కల్లుప్పు వేస్తే చలి సున్నాకు బాగా కిందికి దిగి పాలు గడ్డకడతాయి. ఉప్పుకు మనకేం కరువు, తూత్తుకుడి మన జిల్లానే. తిప్పడానికి చేతులు కావాలి, పెళ్లికాని కుర్రాళ్లు పేర్లు ఇవ్వండి. కరుపట్టి ఉడన్‌గుడి నుంచి చిన్నాయన తెప్పిస్తానన్నారు. నన్నారి వేరు ఇంకా కొనలేదు. మధురై మీదుగా వచ్చేవాళ్లు నాటుమందుల అంగట్లో పావుకిలో తీసుకోండి. కొనేముందు ఒక ముక్క విరిచి వాసన చూడండి. విరిచిన చోట ఘుమ్మని రాకపోతే అది పాత సరుకు, వదిలేసి పక్క అంగడికి వెళ్లండి.